రాజు వేటాడిన అడవిలో మన వాటా ఎంత?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి పక్కన, వనస్థలిపురం దగ్గర 3,605 ఎకరాల అడవి ఉంది. పేరు మహావీర్ హరిణ వనస్థలి. కృష్ణజింకలు, చుక్కల దుప్పులు, నెమళ్లు తిరిగే చోటు. ఆదివారాలు పిల్లలతో కుటుంబాలు వస్తాయి. ఈ అడవి ఒకప్పుడు నిజాం సొంత వేట మైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దీన్ని జింకల పార్కుగా ప్రకటించి ఆయన పేరు పెట్టారు. తర్వాత 1994లో జాతీయ పార్కు హోదా వచ్చింది. తుపాకులు మోగిన నేలకు అహింసామూర్తి పేరు పెట్టడం మంచి ఆలోచనే. కానీ పేరు మారినంత మాత్రాన నేల మీద సంబంధాలు మారతాయా? రాజు చేతి నుంచి జారిన అడవి ఎవరి చేతికి వెళ్లింది? మనం అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇలాంటి చోట్లు తెలంగాణలో ఇంకా ఉన్నాయి. మెదక్ దగ్గరి పోచారం అడవి కూడా నిజాం వేటకు వెళ్లిన చోటే. 1952లో అది అభయారణ్యమైంది. జూబ్లీహిల్స్‌లో ఈరోజు కేబీఆర్ పార్కుగా పిలుస్తున్న అడవిలో నిజాం మనవడు ముకర్రం జా కోసం కట్టిన చిరాన్ ప్యాలెస్ ఉంది. 1998లో అదీ జాతీయ పార్కైంది. రాజుల ఆస్తి ప్రజల ఆస్తిగా మారిన కథగా వీటిని మనకు చెబుతారు. ఆ కథ సగమే నిజం. మిగతా సగం మన వాడల్లో వెతకాలి.

వేట వెనక వెట్టి

రాజు వేట అంటే గుర్రం మీద ఒక మనిషి, చేతిలో తుపాకి, ఎదురుగా పులి అని బొమ్మల్లో చూపిస్తారు. అది ఒక్కడు చేసే పని కాదు. మృగాన్ని తుపాకి ముందుకు తోలడానికి అడవిని చుట్టుముట్టి డప్పులు కొడుతూ, అరుస్తూ నడిచేవాళ్లు కావాలి. డేరాలు మోయాలి, నీళ్లు తేవాలి, కట్టెలు కొట్టాలి, గుర్రాలకు గడ్డి కోయాలి. చచ్చిన జంతువును మోసుకొచ్చి తోలు వలవాలి. మృగం తిరగబడితే మొదట దాని దారిలో ఉండేది వట్టి చేతులతో నడిచే ఆ మనుషులే. ఫొటోలో మాత్రం తుపాకి పట్టినవాడే ఉంటాడు.

ఈ పనులన్నిటికీ కూలి ఇచ్చే అలవాటు తెలంగాణలో లేదు. వెట్టి ఉండేది. అధికారి ఊరికి వచ్చినా, దొర ప్రయాణం కట్టినా, పై నుంచి ఎవరు దిగినా మాల మాదిగ ఇళ్ల నుంచి మనిషి వెళ్లాలి. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల కులాలు తమ తమ సేవలు ఉచితంగా చేయాలి. 1921లో మొదలైన ఆంధ్ర జన సంఘం వెట్టికి వ్యతిరేకంగా పనిచేసింది. నిషేధిస్తూ ఫర్మానాలు కూడా వచ్చాయి. కాగితం మీది ఫర్మానా గడీ గుమ్మం దాటి లోపలికి పోలేదు. సాయుధ పోరాటం దాకా వెట్టి బతికే ఉంది.

వేటలోనే కులం ఎలా పనిచేసిందో కూడా చూడాలి. పాలకుడు సరదాకు చంపితే అది ‘షికారు’. పేదవాడు కడుపుకోసం కుందేలునో కౌజునో పడితే అది దొంగతనం. వేటే బతుకుగా ఉన్న సమూహాల మీద బ్రిటిష్ పాలకులు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి పుట్టుకనే నేరంగా రాసిపెట్టారు. మద్రాసు రాష్ట్రంలో ఎరుకల వాళ్లను ఆ చట్టం కిందే స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. తుపాకి ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టే అది వినోదమా, నేరమా అని తేలింది.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. ప్రకృతి మీద, మూగజీవాల మీద ప్రేమ పై కులాల సొత్తు అనీ, దళితులకు అలాంటి పట్టింపు ఉండదనీ ఒక ప్రచారం ఉంది. హైదరాబాద్‌లో ఆది హిందూ ఉద్యమాన్ని నడిపిన భాగ్యరెడ్డి వర్మ జీవరక్ష జ్ఞాన ప్రచారక మండలితో కలిసి జంతుబలులకు వ్యతిరేకంగా ఊరూరా ప్రచారం చేశారు. సంస్థానంలో షికారు పాలకుల హోదాకు గుర్తుగా వెలుగుతున్న రోజుల్లోనే ఒక మాల నాయకుడు జీవకారుణ్యం గురించి మాట్లాడారు. పర్యావరణ చరిత్ర రాసేవాళ్లు ఆ పేజీని తిప్పి చూడరు.

1931 మాడ్రిడ్, 1949 హైదరాబాద్

పోలిక కోసం ఒక్కసారి స్పెయిన్ వెళ్లి వద్దాం. మాడ్రిడ్ నగరం అంచున కాసా దె కాంపో అనే పెద్ద అడవి ఉంది. విస్తీర్ణం 1,700 హెక్టార్లకు పైనే. 16వ శతాబ్దంలో రెండో ఫిలిప్ రాజు కాలం నుంచి అది రాజకుటుంబం వేట మైదానం. చుట్టూ గోడ. 1931 ఏప్రిల్‌లో రాజు దేశం విడిచి పోయాడు, గణతంత్రం వచ్చింది. కొత్త ప్రభుత్వం మొదట చేసిన పనుల్లో ఒకటి ఆ అడవిని మాడ్రిడ్ ప్రజలకు అప్పగించడం. మే 1న, కార్మిక దినం నాడు, జనం లోపలికి వెళ్లారు. తర్వాత అంతర్యుద్ధంలో అదే అడవి యుద్ధభూమి అయింది. ఇంకా తర్వాత, 1972లో అక్కడ జంతు ప్రదర్శనశాల తెరిచారు. ఇప్పుడది నగరంలోనే పెద్ద పార్కు. రాజు పోయిన రెండు వారాలకే రాజు అడవి జనానిదైంది. అది దయ వల్ల వచ్చిన సందర్శన అవకాశం కాదు, రాజకీయ ప్రకటన.

మన దగ్గర ఏం జరిగింది? 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. సంస్థానం నేలలో సుమారు పదో వంతు సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన భూమి. 1949లో దాన్ని ప్రభుత్వ భూమిలో కలిపారు. బదులుగా నిజాంకు ఏడాదికి 50 లక్షల రాజభరణంతో పాటు సర్ఫేఖాస్ పోయినందుకు మరో 25 లక్షలు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ భూముల్లో తరాలుగా వెట్టి చేసిన వాళ్లకు ఏ పరిహారమూ లేదు. వెట్టికి లెక్క కట్టిన ప్రభుత్వం ఇప్పటిదాకా ఒక్కటీ లేదు.

అంటే రాజు అడవి ప్రజలకు చేరలేదు, ప్రభుత్వానికి చేరింది. ఈ రెండూ ఒకటి కావు. ప్రభుత్వం చేతిలో ఉన్న నేల మీద నిర్ణయం ఎవరిదన్నది ఆ ప్రభుత్వంలో ఎవరి మాట చెల్లుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కొంత నేల అటవీశాఖకు వెళ్లి కంచె పడింది. కొంత పరిశ్రమలకు, సంస్థలకు, కాలనీలకు వెళ్లింది. భూమిలేని దళితులకు లావుణి పట్టాల పేరుతో అందిన ముక్కలు చాలాచోట్ల రాళ్లూ గుట్టలూ ఉన్న బంజరే. నగరం పెరిగి ఆ బంజరుకు ధర వచ్చాక, అది అసైన్డ్ భూమి కదా అంటూ వెనక్కి తీసుకోవడం మొదలైంది. యాచారం, కందుకూరు మండలాల్లో ఫార్మా సిటీ పేరుతో పోయిన భూముల్లో దళితుల అసైన్డ్ భూములు ఉన్నాయి. అమ్ముకునే హక్కు లేని పట్టా వాడకిచ్చి, స్వాధీనం చేసుకునే హక్కు ప్రభుత్వం తన దగ్గర ఉంచుకుంది.

గేటు దగ్గర రాజ్యాంగం

అంబేడ్కర్ 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువు అందరికీ తెరిచి ఉండాలని అప్పటికే చట్టసభ తీర్మానం ఉంది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే చెరువులు, బావులు, బడులు, దవాఖానాలు అంటరానివాళ్లకూ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానం ఆమోదించింది. మహాడ్ మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంది. అయినా ఒక్క దళితుడూ ఆ గట్టు దిగలేకపోయాడు. తీర్మానానికీ గట్టుకూ మధ్య ఉన్న దూరాన్ని వేలమంది నడిచి చూపించారు. ఆ నడకే రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో క్లాజుకు చేరింది. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి ప్రవేశంలో గానీ, ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు వచ్చిపోయే స్థలాల వాడకంలో గానీ కులం, మతం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అడ్డుకోరాదు. పార్కు, జూ ఈ క్లాజు పరిధిలోనివే.

ఈరోజు ఏ పార్కు గేటు మీదా కులం పేరు రాసి లేదు. రాయాల్సిన అవసరమూ లేదు. పార్కు ఎక్కడ ఉంది, అక్కడికి బస్సు వెళుతుందా, టికెట్ ఎంత, ఏ వేళల్లో తెరుస్తారు, లోపల ఎలాంటి మనిషి కనిపిస్తే కాపలాదారు ఆపి అడుగుతాడు అనేవి ఆ పని చేసిపెడతాయి. కేబీఆర్ పార్కు నగరంలోనే ఖరీదైన ఇళ్ల మధ్య ఉంది. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లకు ఏడాది పాసులు ఉన్నాయి. అదే సమయంలో ఆ ఇళ్లలో అంట్లు తోమడానికి, కార్లు తుడవడానికి బస్తీల నుంచి వచ్చే మనుషులు పార్కు గోడ వెంట నడిచి వెళతారు. వాళ్లను ఎవరూ ఆపడం లేదు. కానీ వాళ్లకు నడక వినోదం కాదు, పనికి వెళ్లే దారి.

ప్రజాస్థలం అంటే నడిచేవాళ్లదేనా అన్న ప్రశ్న ఇందిరా పార్కు దగ్గర సూటిగానే వచ్చింది. 2017లో అక్కడి ధర్నా చౌక్‌ను ప్రభుత్వం ఎత్తేసింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు, పార్కుకు నడకకు వచ్చేవాళ్లకు ఇబ్బందిగా ఉందన్న వాదన ముందుకు తెచ్చారు. ఆ మే నెలలో ధర్నా చౌక్‌ను కాపాడుకోవడానికి వెళ్లిన సంఘాలకూ, వద్దన్నవాళ్లకూ మధ్య ఘర్షణ జరిగింది. 2018లో హైకోర్టు జోక్యంతో మళ్లీ అక్కడ ధర్నాలకు దారి దొరికింది. పార్కు ప్రశాంతత పేరుతో మొదట పోయేది మన గొంతే అని ఆ సంఘటన గుర్తుచేస్తుంది.

జూ వైపు ఒక చూపు

ఇదే నగరంలో దీనికి భిన్నమైన చోటు కూడా ఉంది. మీరాలం చెరువు దగ్గర 380 ఎకరాల నెహ్రూ జూలాజికల్ పార్కు 1963 అక్టోబరు 6న తెరుచుకుంది. అంతకు ముందు నాంపల్లి బాగే ఆమ్‌లో చిన్న జంతుశాల ఉండేది. రాజులు బోనుల్లో జంతువులను పెంచింది తమ వైభవం చూపడానికి. ప్రభుత్వ జూ వచ్చాక ఆ బోను ముందు నిలబడే హక్కు కూలివాడి కొడుక్కీ వచ్చింది. రంజాన్, సంక్రాంతి సెలవుల్లో పాతబస్తీ నుంచి, జిల్లాల నుంచి అక్కడికి వచ్చే జనాన్ని చూడండి. సద్ది కట్టుకొచ్చి చెట్టు కింద కూర్చొని తినే కుటుంబాలు, ప్రభుత్వ బడి పిల్లల వరసలు, బురఖాలు, నేత చీరలు, లుంగీలు. కులం మతం అడగకుండా పక్కపక్కన కూర్చొని తినే చోట్లు మన నగరంలో చాలా తక్కువ.

జంతువుల్ని బోనుల్లో పెట్టడం మీద నైతిక చర్చ జరగాల్సిందే. మూసివేతలో బతికే ప్రాణి బాధ ఏమిటో వెలివాడకు తెలియనిది కాదు. 2021 మేలో ఈ జూలోని 8 ఆసియా సింహాలకు కరోనా సోకినప్పుడు దేశమంతా వాటి గురించి మాట్లాడింది, మాట్లాడాలి కూడా. ఆ సింహాల ఆవరణలు కడిగేవాళ్లు, మేత మోసేవాళ్లు, దారులు ఊడ్చేవాళ్లు ఏ పద్ధతి మీద పనిలో ఉన్నారు, వాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ అందుతున్నాయా అని అడిగినవాళ్లు కొద్దిమందే. పార్కులు, జూలు శుభ్రంగా ఉన్నాయంటే ఆ శుభ్రత వెనక ఎక్కువగా ఉన్నవి దళిత బహుజన మహిళల చేతులే. పర్మినెంట్ ఉద్యోగం ఉన్న చోట రిజర్వేషన్ వర్తిస్తుంది. కాంట్రాక్టరు చేతికి పని వెళ్లాక రోస్టర్ మాయమవుతుంది, చీపురు మాత్రం అదే కులం చేతిలో మిగులుతుంది. వెట్టి రోజుల్లో కూలి లేదు, ఇప్పుడు కూలి ఉంది. కానీ ఎవరు ఏ పని చేయాలన్న ఏర్పాటు మాత్రం కదల్లేదు.

కంచ మాటలో ఉన్న జ్ఞాపకం

2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం ఈ చర్చను మళ్లీ రోడ్డు మీదికి తెచ్చింది. ‘కంచ’ అంటే తెలంగాణలో పశువులు మేసే పొదల నేల. గొర్లు, మేకలు, బర్లు తోలుకెళ్లే మనుషులు ఆ పేరు పెట్టారు. 1970లలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఇక్కడ సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. అందులో 400 ఎకరాలు 2003లో ఐఎంజీ భారత అనే సంస్థకు వెళ్లాయి. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచాక ప్రభుత్వం గెలిచింది. గెలిచాక ఐటీ పార్కుల కోసం వేలానికి సిద్ధపడింది. 2025 మార్చి చివర బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, లాఠీలు తిన్నారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకొని చెట్లు కొట్టడం ఆపమంది.

ఆ విద్యార్థుల్లో దళిత, బహుజన, ఆదివాసీ, మైనారిటీ పిల్లలు ముందు వరసలో ఉన్నారు. 2016లో వెలివేతకు నిరసనగా వెలివాడ కట్టిన క్యాంపస్ అది. రోహిత్ వేముల చదివిన చోటు. నక్షత్రాలను, ప్రకృతిని ప్రేమించానని రాసిన ఆ యువకుడి క్యాంపస్‌లో పదేళ్లు తిరగకముందే చెట్ల కోసం పోరాటం రావడం కాకతాళీయమే కావచ్చు. కానీ రెండు పోరాటాల్లోనూ అడిగింది ఒక్కటే: ఈ చోటు ఎవరిది?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బుల్డోజర్‌ను ఆపగానే మన పని అయిపోదు. ఆపిన తర్వాత ఆ నేలకు ఏ కంచె పడుతుంది? చెట్లు దక్కినా అక్కడ మేపుకునేవాళ్లు, కట్టెలు ఏరుకునేవాళ్లు ఆక్రమణదారులైతే అది పాత వేట మైదానం నీతే. రాజు జింకలను కాపాడింది తను చంపడానికి. ఈరోజు ఆధిపత్య వర్గాలు చెట్లను కాపాడమంటున్నది తాము నడవడానికే అయితే మనకు తేడా ఏముంది?

అడవిలో సాక్ష్యం ఎవరికి?

నగర పార్కులో కనిపించే ఈ నీతి అసలు అడవిలో మరింత కఠినంగా ఉంటుంది. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో ఇంకా ఉన్న 591 గ్రామాలు, 64,801 కుటుంబాల తరలింపును ప్రాధాన్యంగా తీసుకోమంది. 2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. కవ్వాల్‌ను మహారాష్ట్రలోని తడోబాతో కలిపే అడవిని కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించి దానికి కుమురం భీం పేరు పెట్టింది. జల్ జంగల్ జమీన్ అన్నందుకు 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిన మనిషి పేరు, ఆయన జనాన్ని భయపెట్టిన జీవోకు! ఆదివాసీలు బంద్‌లకు దిగాక జూలై 21న ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. నిలిపివేయడం అంటే రద్దు కాదు.

ఇందులో దళితుల మాట ఇంకా తక్కువగా వినబడుతుంది. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం షెడ్యూల్డ్ తెగల కుటుంబం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమి మీద ఉన్నట్టు చూపితే చాలు. దళితులు, ఇతర కులాలు ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’ కిందికి వస్తారు. వాళ్లు మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా అక్కడే బతుకుతున్నట్టు రుజువు చూపాలి. భూమి పత్రాలు ఎన్నడూ చేతికి రాని, పేరు కూడా రికార్డుకు ఎక్కని వాడ మనుషుల్ని 75 ఏళ్ల కాగితం అడగడం ఎక్కడి న్యాయం? 2023లో తెలంగాణ సుమారు లక్షన్నర మంది ఆదివాసీలకు 4 లక్షల ఎకరాల పోడు పట్టాలు ఇచ్చింది. అది వాళ్ల న్యాయమైన హక్కు. అదే అడవి అంచున పోడు చేసుకుంటున్న దళిత కుటుంబాలు మాత్రం కాగితం దగ్గరే ఆగిపోయాయి. ఈ రెండు సమూహాలను ఒకరి మీదికి ఒకరిని ఎగదోయడం పాలకులకు సులువు. మనం ఆ ఉచ్చులో పడకూడదు.

కంచె వల్లే మిగిలింది కదా?

ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. కంచె వేసి అటవీశాఖ కాపలా కాయకపోతే హరిణ వనస్థలి ఈపాటికి అపార్ట్‌మెంట్లతో నిండిపోయేది కదా? నిజమే. చుట్టూ జరిగింది చూస్తే ఆ మాట కాదనలేం. నగరానికి అడవి కావాలి. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల ఇంట్లో ఉడికిపోయే బస్తీకి చెట్టు నీడ అందరికన్నా ఎక్కువ కావాలి. అందుకే మనం అడిగేది కంచె పీకేయమని కాదు. కంచె తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, లోపలి పని ఏ షరతుల మీద జరుగుతోంది, ఎవరు ఏ ఖర్చుతో లోపలికి రాగలుగుతున్నారు అని.

దీన్ని డిమాండ్లుగా మార్చుకోవచ్చు. పార్కులు, జూల నిర్వహణ కాంట్రాక్టుల్లో ఎంతమంది పనిచేస్తున్నారు, ఏ కులాల వాళ్లు, ఎంత కూలి, ఏ రక్షణ అన్న వివరాలు సమాచార హక్కు కింద అడుగుదాం. ఏడాది పొడవునా ఉండే పనులకు రెగ్యులర్ పోస్టులు, వాటిలో రోస్టర్ కోరుదాం. ప్రభుత్వ బడులు, హాస్టళ్లు, గురుకులాల పిల్లలకు ఉచిత ప్రవేశం, రవాణా ఇవ్వమందాం. పెంచే ప్రతి టికెట్ ధరకూ బస్తీ జనం నుంచి అభిప్రాయం తీసుకోవాలందాం. కొత్త పార్కులు, అభయారణ్యాలు ప్రకటించే ముందు గ్రామసభ ఒప్పుకోలు, అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమానమైన పరిహారం, ఇతర సంప్రదాయ అటవీ నివాసుల రుజువు నిబంధన సడలింపు కోసం ఒత్తిడి చేద్దాం. ప్రతి వేట మైదానం ముందు పెట్టే చరిత్ర బోర్డులో రాజు పేరుతో పాటు వెట్టి మాట కూడా ఉండాలని పట్టుబడదాం.

విద్యార్థులకు ఒక పని ఉంది. పోచారం, హరిణ వనస్థలి చుట్టుపక్కల ఊళ్లలో, వాడల్లో పెద్దవాళ్లను కలవండి. వెట్టి గురించి, షికారు గురించి తమ తాత ముత్తాతల దగ్గర విన్నది ఏమిటో అడిగి రికార్డు చేయండి. నిజాం దఫ్తరాల్లో దొరకని చరిత్ర అక్కడ ఇంకా ఉంది, కానీ చెప్పగలిగిన తరం వెళ్లిపోతోంది. వాటా అడగాలంటే ముందు మన శ్రమ లెక్క మన దగ్గర ఉండాలి.